మన చుట్టరికము, వారి ఉద్యోగము

ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము



ఉగాదినాడు పంచాంగ శ్రవణము చేసి, ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని వినుట మన ఆచారము. ఈనాడు మేము మాట్లాడదలచినది కూడా రాజపూజ్య అవమానములకు సంబంధించినదే. కాని ఈ లెక్క వేసేది సిద్ధాంతిగారు కాదు, అమెరికా ప్రభుత్వము. ఆ లెక్కలోకి వచ్చేది అక్కడ ఉద్యోగము చేసుకొనే మన పిల్లలు మాత్రమే కాదు, ఇక్కడ కూర్చున్న మనము కూడా.

ఎల్లలు దాటిన చుట్టరికము మనకు క్రొత్తది కాదు. మనలో కొందరి పూర్వులు విజయనగర కాలమున దక్షిణమునకు దిగి మధుర, తంజావూరు సీమలలో స్థిరపడ్డారు. కొందరు నేతపనికి షోలాపురము, కట్టడపు పనులకు బొంబాయి చేరుకొన్నారు. కొందరు కదలకుండానే వలసవారైనారు. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు బరంపురమువారు, 1953లో బళ్ళారి మైసూరులో చేరినపుడు అక్కడివారు, ఉన్న ఇంటనే ఉండి పొరుగు రాష్ట్రమువారైనారు. యానామువారు 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉన్నారు. అన్న ఒక ఏలుబడిలో, తమ్ముడు మరొక ఏలుబడిలో ఉండుట ఎట్లుంటుందో మన ఇండ్లకు బాగుగా తెలుసు.

1965లో అమెరికా వలస చట్టము మారి, పుట్టిన దేశమును బట్టి వాటాలు కట్టే పాత పద్ధతి పోయిన తరువాత, మన పిల్లలు అక్కడికి వెళ్ళుట హెచ్చినది. మొదట విద్యార్థులుగా వెళ్ళారు, తరువాత గ్రీన్ కార్డు పొందారు, ఆపైన పౌరులైనారు. పౌరులైనవారిలో కొందరికి రక్షణ పరికరములు చేసే కంపెనీలలోనో, అంతరిక్ష పరిశోధనలోనో, ప్రభుత్వపు కంప్యూటరు పనులలోనో ఉద్యోగము దొరుకుతుంది. అప్పుడొక ప్రశ్నావళి వారి ముందుకు వస్తుంది. దానివలన ఇక్కడి ఇంటికి ఫోను వస్తుంది. “నాన్నగారూ, మీ పుట్టినతేదీ ఏది వ్రాయమంటారు? మామయ్యగారు ఏ శాఖలో రిటైరైనారు?” అని అడుగుతారు. విని కొందరు భయపడతారు. కొందరు కోపగించుకొంటారు. కొందరు “మా సంగతి వ్రాయకు నాయనా, నీ ఉద్యోగము పోతుంది” అని హితవు చెబుతారు. ఈ మూడవ మాట అన్నిటికంటె ప్రమాదకరమైనది. దానిని మాన్పించుటకే ఈ విషయము ఎత్తుకొన్నాము.

ముందుగా ఈ అనుమతి ఏమిటో చూద్దాము. ప్రభుత్వ రహస్యములను చూడదగినవాడు అని ఒక మనిషిని గూర్చి ప్రభుత్వము నిర్ణయించుటను అక్కడ సెక్యూరిటీ క్లియరెన్సు అంటారు. మనము భద్రతా అనుమతి అనుకొందాము. ఇందులో మూడు మెట్లున్నవి: కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్. 2017 నాటికి ఇటువంటి అర్హత గలవారు 40 లక్షలకు పైగా ఉన్నారు. కనుక ఇది ఏ కొద్దిమంది గూఢచారులకో సంబంధించినది కాదు. ఇంజనీర్లు, గుమాస్తాలు, వైద్యులు, కంప్యూటరు పనివారు ఎందరో ఇందులో ఉన్నారు.

ఈ అనుమతి సాధారణముగా అమెరికా పౌరులకే ఇస్తారు, గ్రీన్ కార్డు చాలదు. తనంత తాను దరఖాస్తు పెట్టుకొనుటకు వీలులేదు. ఉద్యోగమిచ్చే శాఖగాని, కంపెనీగాని కోరవలెను. విచారణ ఖర్చు అభ్యర్థి పెట్టుకొనేది కాదు. కాబట్టి “సొమ్మిస్తే క్లియరెన్సు ఇప్పిస్తాము” అని ఎవరైనా ఇక్కడ మీ ఇంటికి ఫోను చేస్తే, అది మోసమని తెలుసుకోండి.

మరొక సంగతి. ఈ అనుమతి ఎవరి హక్కూ కాదు. ఆ దేశపు సుప్రీం కోర్టు 1988లో నౌకాదళ శాఖకు, ఈగన్ అనే ఉద్యోగికి నడచిన వ్యాజ్యములో ఈ మాట స్పష్టముగా చెప్పినది. సందేహము మిగిలితే అది దేశభద్రత పక్షమునకే చెందుతుంది, అభ్యర్థి పక్షమునకు కాదు. నేరస్థుల కోర్టులో సందేహఫలము ముద్దాయికి చెందుతుంది గదా, ఇక్కడ అందుకు తలక్రిందులు. అనుమతి రానంత మాత్రమున మనిషి దోషి అయినట్లు కాదు. దేశద్రోహి అని ముద్ర వేసినట్లు అంతకంటె కాదు.

ఇక ప్రశ్నావళి. చాలాకాలముగా వాడుకలో ఉన్నది ఎస్.ఎఫ్. 86 అనే పత్రము. దానికి బదులుగా క్రొత్త ప్రశ్నావళిని 2023లో ఆమోదించారు. పేరేదైనా అడిగేవాటి సారము ఒకటే. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, బిడ్డలు, అత్తమామలు, వీరందరి పేర్లు వ్రాయవలెను. సవతి తల్లిదండ్రులను, సవతి తోబుట్టువులను, దత్తత బిడ్డలను కూడా వ్రాయవలెను. స్వర్గస్థులైనవారిని కూడా విడువరాదు. ఎక్కడ పుట్టారు, ఏ దేశ పౌరులు, ఎక్కడ నివాసము అని అడుగుతారు. అమెరికా పౌరులు కానివారైతే ఏమి ఉద్యోగము, ఎన్నాళ్ళకొకసారి మాట్లాడుకొంటారు, ఉత్తరము ద్వారానా ఫోను ద్వారానా, వారికి తమ ప్రభుత్వముతోగాని సైన్యముతోగాని సంబంధమున్నదా అని కూడా అడుగుతారు. ఈ జాబితాలో లేని విదేశీయులలో గడచిన ఏడేండ్లుగా దగ్గరి స్నేహమో మమకారమో బాధ్యతో ఉన్నవారి వివరములు వేరే చెప్పవలెను. ఏడేండ్ల విదేశ ప్రయాణములు, విదేశములో ఉన్న బ్యాంకు ఖాతాలు, భూములు, ఇండ్లు, విదేశీయులకు ఎప్పుడైనా ఇచ్చిన ఆర్థిక సహాయము, ఇవన్నీ అడుగుతారు. నెలనెలా తల్లిదండ్రులకు పంపే సొమ్ము కూడా ఈ లెక్కలోనిదే.

“కన్నవారికి సొమ్ము పంపుట నేరమా?” అని మీరు అడుగవచ్చును. నేరము కాదు. ఎందుకు అడుగుతున్నారో తెలిస్తే సగము కోపము తగ్గుతుంది. ఆ దేశపు నియమములలో పదమూడు అంశములు ఉన్నవి. ఇప్పుడున్నవి 2017 జూన్‌లో అమలులోకి వచ్చినవి. వాటిలో రెండవది విదేశ ప్రభావము అనేది. బంధువు ఉన్నాడు గనుక ఇతడు ద్రోహి అని దాని భావము కాదు. “ఆ బంధువును అడ్డుపెట్టుకొని ఎవరైనా ఇతనిని ఒత్తిడి చేయగలరా? అమ్మకు ఆపద వస్తుందని బెదిరిస్తే, ఇతడు అమ్మనా, అప్పగించిన రహస్యమునా, దేనిని ఎంచుకోవలసివస్తుంది?” అనేదే అసలు ప్రశ్న. ప్రేమ ఉన్నచోటనే ఒత్తిడికి పట్టు దొరుకుతుంది. వారు శంకించేది మన పిల్లల చెడుగుణమును కాదు, మంచిగుణమును.

అల్లుని విషయములోనూ ఇంతే. భార్య తల్లిదండ్రుల యెడల, తోబుట్టువుల యెడల అతనికి మమకారమున్నదనే ముందుగా భావిస్తారు. లేదని అంటే చూపించవలసిన భారము అతనిదే.

మన పురాణములలో ఇందుకు సాటియైన ఘట్టమున్నది. “ఇంటిగుట్టు లంకకు చేటు” అనే సామెతలో విభీషణునికి మనవారు చెడ్డపేరే మిగిల్చారు గాని, సముద్రపుటొడ్డున రాముని శిబిరమునకు అతడు వచ్చిననాడు జరిగినదేమిటి? శత్రురాజునకు సొంత తమ్ముడు. ఆకాశమున నిలిచి మొదట చెప్పుకొన్న మాటయే “నేను రావణుని తమ్ముడను” అని. సుగ్రీవుడు నమ్మరాదన్నాడు. జాంబవంతుడు శంకించాడు. అంగదుడు పరీక్షించవలెనన్నాడు. హనుమంతుడు అతని మాటతీరు, ముఖలక్షణము చూచి కపటము కనిపించుట లేదన్నాడు. అందరి మాట విని రాముడు నిర్ణయించాడు. చుట్టరికము అడ్డురాలేదు, ఎందుకనగా దానిని విభీషణుడు దాచలేదు. అదే అతడు పేరు మార్చుకొని వచ్చి, తరువాత ఎవరో గుర్తుపట్టి ఉంటే కథ ఎట్లుండేదో ఊహించుకోండి.

ఇప్పుడు ఏవి బరువు పెంచుతవో, ఏవి తగ్గిస్తవో చూద్దాము. బంధువు ఏ దేశములో ఉన్నాడనేది మొదటిది. అమెరికాకు శత్రువైన దేశమైతే బరువు చాలా ఎక్కువ. భారతదేశము ప్రజాస్వామ్యము, మిత్రదేశము అనేది మనవారికి అనుకూలమే. కాని మిత్రదేశము గనుక అడుగరు అనుకోరాదు. జోనథన్ పొలార్డ్ అనే అమెరికా నౌకాదళపు ఉద్యోగి 1985లో పట్టుబడినాడు. అతడు రహస్యములు అందించినది శత్రువులకు కాదు, మిత్రదేశమైన ఇజ్రాయెలుకు. అతనికి 1987లో యావజ్జీవ శిక్ష పడినది. మిత్రులు కూడా రహస్యములు కోరుతారని ఆ ప్రభుత్వము ఎరుగును.

రెండవది, బంధువు వృత్తి. రిటైరైన బడిపంతులు, బట్టల దుకాణము నడుపుకొనేవారు, వ్యవసాయదారులు అయితే బరువు తక్కువ. సైన్యములోనో, రక్షణ పరిశోధనలోనో, గూఢచారి శాఖలోనో ఉన్నవారైతే ఎక్కువ. మూడవది, ఆస్తి. ఆ మనిషికి అమెరికాలో ఉన్న ఇల్లు, జీతము, పొదుపు ముందు ఇక్కడి ఆస్తి ఎంత? ఇక్కడిది పోతుందంటే అతడు లొంగిపోయేంత పెద్దదా? నాలుగవది, అక్కడ వేళ్ళు ఎంత లోతుగా దిగినవి? ఎన్నేండ్లుగా నివాసము, భార్యాబిడ్డలు ఎక్కడ, స్నేహితులు, సేవాకార్యములు ఎట్టివి? విడివిడిగా ఒక్కొక్కటి చూచి ఊరుకోక, మనిషిని మొత్తముగా తూచవలెనని వారి నియమము చెబుతుంది.

ఈ తూకము ఎప్పుడును న్యాయముగానే జరిగినదని మేము అనము. జపానుతో యుద్ధము వచ్చిన తరువాత, 1942లో, జపాను సంతతివారిని ఇంచుమించు 1,20,000 మందిని ఇండ్లనుండి తరలించి శిబిరములలో పెట్టారు. వారిలో మూడింట రెండు వంతులవారు అమెరికా పౌరులే. అదే సంతతికి చెందిన యువకులు ఆ దేశపు సైన్యములో చేరి ప్రాణములొడ్డినారు. జపాను భాష తెలిసినవారు యుద్ధరంగములో దుబాసీలుగా పనిచేశారు. శంకకు కారణమైన చుట్టరికపు భాషయే ఆ దేశమునకు అక్కరకు వచ్చినది. 1988లో ప్రభుత్వము చట్టము చేసి క్షమాపణ చెప్పి, బ్రతికియున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు పరిహారమిచ్చినది.

చైనాలో పుట్టిన చియన్ షుయె సెన్ కథ మరొకటి. ఆయన అమెరికా రాకెట్ విద్యకు పునాదులు వేసినవారిలో ఒకడు. కమ్యూనిస్టు అనే ఆరోపణపై 1950లో ఆయన అనుమతిని తీసివేశారు. వెళ్ళిపోదామంటే వెళ్ళనీయక అయిదేండ్లు ఆపి, 1955లో చైనాకు పంపారు. ఆయన అక్కడికి వెళ్ళి ఆ దేశపు క్షిపణులకు మూలపురుషుడైనాడు. హద్దులేని అనుమానము తన యింటి దీపమును తానే పొరుగింటికి పంపుతుంది.

అయితే ఆ దేశములోనే దీనికి దిద్దుబాటు కూడా జరిగినది. విలియం గ్రీన్ అనే ఇంజనీరు ఒక కంపెనీలో పెద్ద ఉద్యోగి. మాజీ భార్య పరిచయములు, రష్యా రాయబార కార్యాలయపు ఉద్యోగులతో ఆయన కలిసిన సందర్భములు ఆరోపణలలో చేర్చి ఆయన అనుమతిని తీసివేశారు. ఎవరు చెప్పారో ఆయనకు చెప్పలేదు. వారిని ప్రశ్నించే అవకాశము ఇవ్వలేదు. 1959లో సుప్రీం కోర్టు ఆయన పక్షమున తీర్పు చెప్పినది. 1960లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఉత్తరువు ఇచ్చి, కంపెనీల ఉద్యోగులకు విచారణ పద్ధతి ఏర్పరచినాడు.

ఆ పద్ధతి నేటికిని నడుస్తున్నది. కంపెనీ ఉద్యోగి విషయములో సందేహము తీరకపోతే కారణములు వ్రాసి అతనికి పంపుతారు. ఇరువది దినములలో జవాబివ్వవలెను. కోరితే న్యాయాధికారి ఎదుట విచారణ ఉంటుంది. వకీలును పెట్టుకొనవచ్చును, సాక్షులను పిలువవచ్చును, పైకి అప్పీలు చేసుకొనవచ్చును. ఆ తీర్పులను పేర్లు తీసివేసి ప్రచురిస్తారు. భారతదేశములో తల్లిదండ్రులు ఉన్నవారికి అనుమతి లభించిన తీర్పులు వాటిలో ఉన్నవి, లభించనివీ ఉన్నవి. కాబట్టి భయపడుటకును తావులేదు, నిర్లక్ష్యమునకును తావులేదు.

ఇదంతా విని పరాయి ప్రభుత్వము మనలను అవమానించినదని అనుకోనవసరము లేదు. మన ప్రభుత్వము కూడా అడుగుతుంది. 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమములలో, విదేశీయురాలినిగాని విదేశీయునిగాని వివాహమాడిన ఉద్యోగి వెంటనే ప్రభుత్వమునకు తెలుపవలెనని ఉన్నది. రహస్యము కాపాడుకోదలచిన ప్రతి రాజ్యము చుట్టరికము విచారించేదే.

ఇక మన వంతు పని ఏమిటి? మొదటిది పేర్లు, తేదీలు సరిగా అందించుట. ఇది వినుటకు చిన్నపనిగా ఉంటుంది గాని, మన వలస కుటుంబములలో ఇదే పెద్ద చిక్కు. ఇంటిపేరు ముందు వ్రాసేవారున్నారు, తరువాత వ్రాసేవారున్నారు. మద్రాసులో స్థిరపడినవారు ఇంటిపేరు వదలి తండ్రి పేరులోని మొదటి అక్షరమునే పెట్టుకొన్నారు. తండ్రి పాస్‌పోర్టులో ఒక విధముగా, కుమారుని సర్టిఫికెట్టులో మరొక విధముగా ఉంటుంది. బడిలో వేయించిన పుట్టినతేదీ ఒకటి, జాతకములోనిది ఒకటి. ఏది ఏ కాగితములో ఉన్నదో పిల్లలకు ఉన్నది ఉన్నట్లు చెప్పండి. ఊళ్ళ సంగతి కూడా అంతే. 1950లో బళ్ళారిలో పుట్టినవారు మద్రాసు రాష్ట్రములో పుట్టారు. అదే ఊరు 1953లో మైసూరుకు చెందినది, 1973లో ఆ రాష్ట్రము పేరు కర్ణాటక అయినది. బొంబాయి 1995లో ముంబయి, మద్రాసు 1996లో చెన్నై, ఒరిస్సా 2011లో ఒడిశా అయినవి. రెండు కాగితములలో రెండు పేర్లుంటే రెండు ఊళ్ళు అని అక్కడి అధికారి భ్రమపడకుండ, పాత పేరు, క్రొత్త పేరు రెండును వ్రాసి పంపండి.

రెండవది వరుసలు. మనకు పెదనాన్న కొడుకు అన్నయ్యే, పిన్ని కూతురు చెల్లెలే. ఆ పత్రములో అన్న అంటే ఒకే తల్లికిగాని, ఒకే తండ్రికిగాని పుట్టినవాడు, లేదా సవతి వరుస, దత్తత వరుసవాడు. పెదనాన్న కొడుకుతో దగ్గరి రాకపోకలు ఉంటే అతనిని పరిచయస్థుల పట్టికలో చూపవలెను. మేనరికములలో ఇంకొక చిక్కు. అక్క కూతురిని పెండ్లాడినవానికి ఒకే ఆమె అక్క, ఆమెయే అత్త. ఆమె పేరు రెండు చోట్లా వ్రాసి, వివరము తెలుపవలసినదే. ఇది అక్కడివారికి వింతగా తోచవచ్చును. వింత అయినంత మాత్రమున దాచరాదు. దత్తత వెళ్ళిన తమ్ముని సంగతి కూడా కన్నవారు, పెంచినవారు ఎవరో విప్పి చెప్పండి.

యానామువారికి ప్రత్యేకముగా ఒక మాట. 1956లో ఒప్పందముపై చేవ్రాళ్ళు పడి, 1962లో అది అమలులోకి వచ్చినపుడు, ఫ్రెంచి పౌరసత్వము నిలుపుకొనుటకు ఆరు నెలల గడువిచ్చారు. అప్పుడు కోరుకొన్నవారి సంతతి ఫ్రెంచి పౌరులుగానే ఉండవచ్చును. పత్రము ప్రతి బంధువునకు పౌరసత్వము ఏదని విడిగా అడుగుతుంది. యానాములో నివసిస్తున్నారు గనుక భారతీయులని వ్రాసివేయరాదు. తాతగారు ఏమి కోరుకొన్నారో, బాబాయిగారి వద్ద ఏ పాస్‌పోర్టున్నదో కనుక్కొని వ్రాయవలెను.

మూడవది సొమ్ము. మనవారికొక అలవాటున్నది. అబ్బాయికి చెప్పకుండానే అతని పేరు చేర్చి బ్యాంకులో డిపాజిట్టు వేస్తాము. అమ్మాయి పేర స్థలము కొంటాము. ప్రేమతో చేసిన పనియే, కాని అక్కడ అది అతనికి తెలియని ఆస్తి అయి, వ్రాయని ఆస్తి అవుతుంది. అమెరికాలో పన్ను కట్టేవారి పేర విదేశములలో ఉన్న ఖాతాలన్నీ కలిసి ఏడాదిలో ఏనాడైనా 10,000 డాలర్లు దాటితే, ఆ ప్రభుత్వమునకు వేరుగా లెక్క తెలుపవలసిన చట్టము కూడా ఉన్నది. జాయింటు ఖాతా కూడా లెక్కకు వస్తుంది. పిత్రార్జితము సంగతి మరువకండి. 2005లో హిందూ వారసత్వ చట్టమును సవరించి ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు ఇచ్చారు. “అమ్మాయికి ఏమున్నది, అత్తవారింటికి వెళ్ళినది గదా” అని మనము అనుకొన్నా, చట్టము అనుకోదు. ముందుముందు రాగల స్థిరాస్తిని గూర్చి కూడా ఆ పత్రములో ప్రశ్న ఉన్నది. అందుచేత పిల్లల పేర ఏమున్నదో, వారికి ఏమి రావలసి ఉన్నదో ఒక కాగితముపై వ్రాసి వారికి పంపండి. మీకును అది మేలే.

నాలుగవది పౌరసత్వము. మన 1955 నాటి చట్టము ప్రకారము, మరొక దేశపు పౌరసత్వము కోరి పొందినవారికి భారత పౌరసత్వము పోతుంది. పాత పాస్‌పోర్టును తిరిగి అప్పగించవలెను. అలమారలో ఉన్నదిలే అని ఉంచుకోరాదు. 2005లో వచ్చిన ఓ.సి.ఐ. కార్డు పేరులో పౌరసత్వమనే మాట ఉన్నా అది పూర్తి పౌరసత్వము కాదు, దానితో ఓటుహక్కు రాదు. అయినా కార్డు ఉన్నదన్న సంగతిని దాచక చెప్పుటయే మేలు.

ఐదవది పెండ్లి సంబంధములు. అనుమతి గల వరునికి ఇక్కడి పిల్లనిస్తే, ఆమె తల్లిదండ్రులు, ఆమె అన్నదమ్ములు అతని లెక్కలోకి వస్తారు. అనుమతి ఒకసారి ఇచ్చి ఊరుకొనేది కాదు, ఎప్పటికప్పుడు పరిశీలన జరుగుతూనే ఉంటుంది. క్రొత్త చుట్టరికములు, విదేశ ప్రయాణములు వారు తెలుపుకొనుచుండవలెను. కనుక సంబంధము మాట్లాడేటపుడే “మా తమ్ముడు సైన్యములో ఉన్నాడు”, “మా అన్నగారు రక్షణ పరిశోధనలో పనిచేస్తున్నారు” అని దాపరికము లేకుండ చెప్పండి. అది సంబంధము చెడగొట్టుట కాదు. తరువాత రాగల చిక్కును ముందే విప్పుట. అట్లే, పండుగకు రమ్మని పిలిచినపుడు అబ్బాయి “ఆఫీసులో ముందుగా చెప్పి రావలెనమ్మా” అంటే, కోడలు ఆపినదని నింద వేయకండి.

ఇన్ని చెప్పి చివరకు మేము నొక్కి చెప్పదలచినవి రెండే మాటలు. మొదటిది, దాచవద్దు. చుట్టరికము ఉన్నదని వ్రాసినవాడు తన పక్షమున చెప్పుకొనుటకు ఎంతో ఉంటుంది. వ్రాయనివాడు పట్టుబడితే చెప్పుకొనుటకు ఏమీ మిగులదు. ఆ పత్రములో తెలిసి అబద్ధము వ్రాయుట అక్కడ నేరము, అయిదేండ్ల వరకు ఖైదు పడవచ్చును. మనము చూస్తే అమ్మ ఉన్నదనుట తప్పు కాదు, అమ్మ లేదనుట తప్పు. తెలియక ఏదైనా విడిచిపెడితే, వారు అడుగకముందే తానుగా వెళ్ళి సరిదిద్దుకొన్నవానికి అది అనుకూలముగానే లెక్కకు వస్తుంది.

రెండవది, తెంచుకోవద్దు, తెంచుకోనివ్వవద్దు. ఉద్యోగమునకు అడ్డు వస్తామేమోనని ఫోను మానివేసే తల్లిదండ్రులు, ఉత్తరము మానివేసే బిడ్డలు ఉండవచ్చును. ఆ నియమములు అట్లు కోరవు. అరుదుగా కలిసే పరిచయము బరువు తక్కువ అని ఉన్నమాట నిజమే, కాని కన్నవారిని అరుదైన పరిచయముగా ఎవరు నమ్ముతారు? వారానికొకసారి అమ్మతో మాట్లాడుతాను అని నిజము చెప్పినవానిని నమ్ముటకు వీలున్నది. అమ్మతో నాకేమి పని అన్నవానిని ఏ న్యాయాధికారి నమ్ముతాడు? నమ్మినా, అటువంటివానికి ఏ రహస్యము అప్పగిస్తాడు? మమకారము ఉండి, దానిని విప్పి చెప్పి, దానికంటె తాను పూనిన బాధ్యతను నిలుపుకోగలనని చూపుటయే అక్కడ కోరేది.

ఒకవేళ అనుమతి రాలేదనుకోండి. ఆ బిడ్డను “మా వల్లనే పోయినది” అని ఏడిపించకండి, మీరును ఏడువకండి. అది ఒక ఉద్యోగము. ఆ అనుమతి అక్కరలేని పనులు ఆ దేశములో లెక్కకు మించి ఉన్నవి. తల్లిదండ్రులు వేరే లేరు.

ఈ ఉగాదికి ప్రతి ఇంటనూ ఒక నోటుపుస్తకము కొని, అందులో ఇంటివారి పేర్లు, పుట్టిన తేదీలు, పుట్టిన ఊళ్ళు, చేసిన ఉద్యోగములు, పెండ్లిళ్ళు, దత్తతలు, ఎవరి పేర ఏమున్నదో వ్రాసి పెట్టుకొనవలెనని కోరుతున్నాము. పూర్వము మన పెద్దలు గోత్రప్రవరలు కంఠస్థము చేసినట్లే ఇదియు ఒక వంశావళి. దూరదేశమునుండి బిడ్డ ఫోను చేసి అడిగిననాడు, భయము లేకుండ, కోపము లేకుండ, ఉన్నది ఉన్నట్లు చదివి వినిపించండి.

ఈ క్రొత్త సంవత్సరము మీ అందరికీ రాజపూజ్యమును హెచ్చించి, అవమానమును తగ్గించుగాక.